లావు తీగను నమ్ముకుని

ఫిబ్రవరి 2, ఆదివారం

కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ. జనవరి అంతా తెల్లగానే పోయింది. రాయడానికి ఏముంటుంది? లిఫ్టు ఆగింది, వెళ్ళాను, బాగుచేశాను, వచ్చాను. ఇవాళ మాత్రం రాయాలనిపించింది.

పిచ్చుక వచ్చింది. ఈ మధ్య అలా పిలిస్తే మొహం ముడుచుకుంటోంది. పద్నాలుగేళ్ళొచ్చాయి కదా. మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ, "లిఫ్టులు రిపేరు చేసేవాడివి, లిఫ్టు లేని బిల్డింగులో పై అంతస్తు తీసుకున్నావేంటి నాన్నా" అంది. వచ్చినప్పుడల్లా అనేదే. నేను నవ్వడమూ మామూలే.

తర్వాత అసలు సంగతి చెప్పింది. మే నెల నుంచి ఆదివారాలు రావడం కుదరదట. స్కూల్లో నలుగురు ఆడపిల్లలు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. దీనిది గిటార్. ఆదివారాలు ప్రాక్టీసు.

"ఇక్కడే చేసుకోండి. గది ఖాళీగానే ఉంటుందిగా" అన్నాను.

"మేం వాయిస్తుంటే నువ్వేం చేస్తావు?"

"వింటాను."

"నువ్వా?" అని నవ్వింది.

ఆ నవ్వు అచ్చం వాళ్ళమ్మది. నేను ఆ ఇంట్లోంచి వచ్చేసి ఏడాది దాటింది. ఇంట్లో ప్రశాంతత లేక వచ్చేశాను, అంతే. ఆవిడ మీద నాకేం కోపం లేదు. పిల్ల వారానికి ఒక్కరోజు వస్తుంది. ఆ ఒక్కరోజూ పోతే ఈ గదికి ఇంకెవరొస్తారు? పాలవాడు కూడా ప్యాకెట్టు కిందే పెట్టి పోతాడు.

ఫిబ్రవరి 5, బుధవారం

గిటార్ కొన్నాను. ఎవరో వాడి వదిలేసింది. పిచ్చుకకి గిటారంటే ఇష్టం కాబట్టి నాకూ వస్తే మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది. ప్రాక్టీసు కూడా ఇక్కడే పెట్టుకుంటారేమో.

నేను వారం వారం చూసే ఒక బిల్డింగులో, కింద మందుల షాపుంది. షాపాయన కౌంటరు వెనక మేకుకి గిటార్ వేలాడుతుంటుంది. సాయంత్రం బేరం తగ్గాక నేర్పుతానన్నాడు. నాకంటే చిన్నవాడే. అయినా గురువు గారూ అంటున్నాను. ఆయన సిగ్గుపడుతున్నాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇన్నేళ్ళూ ఇనప తాళ్ళు పట్టిన చేతులు. కాయలు కాసి చెప్పు తోలులా ఉంటాయి. అలాంటిది ఒక సన్న తీగ నొక్కేసరికి ప్రాణం పోయింది. కాయలన్నీ అరచేతుల్లో ఉన్నాయి, కావలసింది వేళ్ళ కొసల్లో. పైగా నా వేలు ఒక తీగ నొక్కితే పక్క తీగ మీద కూడా కూర్చుంటోంది.

"వేళ్ళు నిలబెట్టండి. పడుకోబెడుతున్నారు" అంటాడు గురువు గారు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఇవాళ తీగలు కలపడం నేర్పాడు. ఆరు తీగలు. ఒక్కోదాన్ని బిగించడానికి గిటార్ తల దగ్గర ఒక్కో కీ ఉంటుంది. అన్నిటికంటే పైనున్నది లావుది. మెడ మీద అడ్డంగా ఉన్న కమ్ముల్ని ఫ్రెట్లంటారు. లావు తీగని అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే ఏ శబ్దం వస్తుందో, దాని కింది తీగ ఊరికే మీటినా అదే రావాలి. అలా ఒకదాన్ని చూసి ఒకటి. ఒక్కచోట మాత్రం అయిదో ఫ్రెట్ కాదు, నాలుగోది. ఎందుకని అడిగితే, "అదంతే నండీ" అన్నాడు.

నేను చిటికెలో పట్టేశాను. ఆయన ఆశ్చర్యపోయాడు. నా పనే శబ్దం కదా! కింద నిలబడి వింటే పైన మోటారు గదిలో ఏ బేరింగు అరిగిందో చెప్పగలను. 

మొదటి లావు తీగకి మాత్రం చిన్న మిషన్ ఒకటి ఉంటుందట, ట్యూనరు. గిటార్ తలకి క్లిప్పులా పెడితే, సరిగ్గా ఉంటే పచ్చ లైటు వెలుగుతుంది. కొనుక్కోమన్నాడు.

"చెవులుండగా మిషనెందుకండీ?" అన్నాను.

"ఆ మొదటిది బయటినుంచి తీసుకోవాలండీ. మిగతావి మనలో మనం సర్దుకోవచ్చు."

తన దగ్గరున్నది నాకు అంటగట్టాలని చూస్తున్నట్టున్నాడు. కొనలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పిచ్చుక వచ్చింది. గిటార్ మంచం కింద దాచాను. బాగా వచ్చాకే చూపించాలి. ఎక్కువసేపు ఫోనే చూసుకుంది. వెళ్ళేటప్పుడు, "నీ వేళ్ళకేమైంది నాన్నా?" అంది. గ్రీజు అన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

కొన్ని తీగలు కలిపి నొక్కి మీటితే దాన్ని కార్డ్ అంటారు. వాటిలో జి, సి, డి, ఇ మైనర్ వచ్చేశాయి. ఎఫ్ రావడం లేదు. ఎఫ్ అంటే చూపుడు వేలిని కర్రలా అడ్డంగా పెట్టి తీగలన్నీ ఒకేసారి నొక్కాలి. మిగతా వేళ్ళు వేరే పని చెయ్యాలి.

ఫిబ్రవరి 23, ఆదివారం

వచ్చి తొందరగా వెళ్ళిపోయింది. ఎఫ్ రాలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

ఎఫ్ రాలేదు.

మార్చి 4, మంగళవారం

సన్నతీగ బిగిస్తుంటే తెగి మణికట్టు మీద కొట్టింది. కొత్త సెట్టు కొని ఆరూ నేనే మార్చుకున్నాను. గిటార్ల షాపువాడు సన్నరకం ఇచ్చాడు. మళ్ళీ తెగితే ఎందుకొచ్చిన గొడవని లావు తీగని మరీ బిగించలేదు, సుమారుగా ఉంచాను. దాన్ని పట్టుకుని మిగతావన్నీ అయిదో ఫ్రెట్ లెక్కన కలిపాను. వెంట్రుకవాసి తేడా లేదు. మీటితే గదంతా మోగింది.

గురువు గారి దగ్గరికి ఇక వెళ్ళనక్కర్లేదు. మూలం తెలిశాక మిగతాది సాధనే. గురువుకి పంగనామాలు పెట్టాననుకుంటాడేమో. అనుకోనీ.

మార్చి 5, బుధవారం

ఎఫ్ వచ్చింది! నిన్నటిదాకా రానిది ఇవాళ పొద్దున్న వెన్నలో వేలు పెట్టినట్టు వచ్చింది. సాధన ఎప్పుడూ వృథా పోదు. ఇంతకాలం ఆ మందుల షాపు సందులో కూర్చోబట్టి రాలేదు. ఒంటరిగా కూర్చుంటేనే నాకు పని జరుగుతుంది. ఈ మాట ఆవిడకి ఎన్నోసార్లు చెప్పాను.

మార్చి 9, ఆదివారం

ఇవాళ తన గిటార్ తెచ్చింది. ఇక్కణ్ణుంచి స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలట. తను కట్టిన పాట ఒకటి వాయించింది. మాటలింకా రాయలేదు, వరస మాత్రమే. నేను దాని వేళ్ళే చూస్తూ కూర్చున్నాను. జి, ఇ మైనర్, సి, మధ్యలో ఒక ఎఫ్, తర్వాత డి. అన్నీ నాకొచ్చినవే! చెప్పేద్దామనిపించింది. నోరు కట్టుకున్నాను.

"రికార్డు చేసుకోనా?"

"నిజంగా వింటావా?" అంది.

"వింటాను."

దానికి నచ్చినట్టుంది. రెండోసారి ఇంకా బాగా వాయించింది. ఈ పాట మా ఇద్దరం కలిసి వాయిస్తే చాలు నాకు. ఇంకేం వద్దు.

మార్చి 13, గురువారం

పాట వచ్చేసింది. అయిదు స్వరాల స్కేలు ఒకటుంది, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. మధ్యలో దాన్ని కూడా కలిపాను. ఒక్కణ్ణీ వాయించుకుంటుంటే నా అంతవాడు లేడనిపించింది. 

ఫోనులో రికార్డు పెట్టి దాంతోపాటు వాయిస్తే మాత్రం కలవడం లేదు. ఫోను స్పీకరు చిన్నది, గొంతు మార్చేస్తుంది.

మార్చి 15, శనివారం

ఇయర్‌ఫోన్లు పెట్టి విన్నాను. అయినా కలవడం లేదు. స్పీకరుది కాదు తప్పు. పిల్ల గిటార్ ట్యూనింగు పోయింది. ఎన్నాళ్ళుగా అలా వాయిస్తోందో పాపం. చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళమ్మకేం తెలుస్తుంది?

మార్చి 16, ఆదివారం

పరీక్షలట. రాలేదు.

మార్చి 19, బుధవారం

ఆవిడ ఫోను చేసింది.

"పరీక్షలతో అది కాస్త డల్‌గా ఉంది. ఆదివారం వచ్చినప్పుడు దాన్నే మాట్లాడనివ్వండి. మీరు సలహాలు మొదలెట్టకండి."

"నేనెప్పుడిచ్చాను సలహాలు? అసలు ఫోను చేసే పద్ధతేనా ఇది? ముందు ఎలా ఉన్నారని అడగాలి, తర్వాత విషయం చెప్పాలి..."

పెట్టేసింది. నాకేం కోపం లేదు.

మార్చి 23, ఆదివారం

ఎలా జరిగిందో అలా రాస్తాను.

మంచం కింద నుంచి గిటార్ తీశాను. "నాన్నా! నీదా? ఎప్పట్నుంచి?" అని మంచం మీద గెంతింది. పిచ్చుక అని పిలిచినా ఏమీ అనలేదు. ఎఫ్ పట్టి చూపించాను.

"ఎఫ్ వచ్చేసిందా? నాకు ఆర్నెల్లు పట్టింది! దొంగా, ఎంత దాచావు!"

ఇంత సంతోషం నాకు ఈ మధ్య లేదు. తన గిటార్ తీసింది. దాని పాటే మొదలుపెట్టాం.

మొదటి దెబ్బకే రెండు కుర్చీలు ఒకేసారి నేలమీద ఈడ్చినట్టయింది.

"ఆగు, ఏదో తేడాగా ఉంది" అంది.

"నేనూ చెబుదామనే అనుకుంటున్నా. నీ గిటార్ ట్యూనింగు పోయిందమ్మా."

అది తన సంచిలోంచి క్లిప్పు తీసి తలకి పెట్టి ఒక్కో తీగా మీటింది. ప్రతిదానికీ పచ్చ లైటు. "నాది బాగానే ఉంది, చూడు. నీదానికి పెట్టనా ఒకసారి?"

"నాదానికి అక్కర్లేదు. చెవితో కలిపాను. ఆ మిషన్‌లో బ్యాటరీ చూసుకో ముందు."

"ఒక్కసారి పెడతాను నాన్నా. ఒక్క నిమిషం."

"నేను చెబుతున్నాను కదా."

"ఒక్క నిమిషమే..."

"ఇలా ఇవ్వు" అని దాని గిటార్ తీసుకున్నాను. దాని లావు తీగని నా లావు తీగకి సరిపోయేదాకా దించాను. తర్వాత రెండోది. మూడోది. అది నిలబడి చూస్తోంది. వద్దనలేదు. ఆరూ అయ్యాక, "ఇప్పుడు కలిసిందా లేదా?" అన్నాను.

కలిసింది మరి.

అది గిటార్ సంచిలో పెట్టుకుంది. జిప్పు వేసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "అమ్మతో కూడా నువ్వు ఇంతే" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మార్చి 24, సోమవారం

పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెప్పాను. నాకేం కోపం లేదు.

మార్చి 26, బుధవారం

ఫోను చేశాను. తియ్యలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ట్యూనింగు పోతే పోయిందని ఒప్పుకోవాలి గానీ అలగడమెందుకు?

మార్చి 30, ఆదివారం

రాలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

ఆ బిల్డింగులోనే పని పడింది. లిఫ్టు పని అయ్యాక గిటార్ తీసుకుని మందుల షాపుకి వెళ్ళాను. మధ్యలో మానేసినందుకు ఆయన ఒక్క మాట అనలేదు. మా అమ్మాయి గిటార్‌తో కలవని సంగతి చెప్పాను.

"ఒక్కటే చెప్పండి గురువు గారూ. ఇది సరిగ్గా కలిసిందా లేదా?"

తీసుకుని మీటాడు. తల ఊపాడు. "బాగా కలిపారండీ."

నా గుండె ఇంతయింది. చూశావా పిచ్చుకా, అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి మేకుకున్న తన గిటార్ తీసి, "జి పట్టండి" అన్నాడు. నేను పట్టాను. ఆయనా పట్టాడు. ఇద్దరం మీటాం.

మళ్ళీ అవే కుర్చీలు.

"మీది కూడా ట్యూనింగు పోయిందేమిటండీ?" అన్నాను.

అనేశాక ఆ మాట నా చెవినే పడింది.

"నాదీ పోయింది, మీ అమ్మాయిదీ పోయింది. ఊరందరిదీ పోయిందంటారా?" అన్నాడాయన. అంతలో ఎవరో దగ్గుమందుకి వచ్చారు. సీసా ఇచ్చి, చిల్లర ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. 

"కలపడంలో తప్పు లేదండీ. అసలు లావు తీగే కింద ఉంది. దాన్ని నమ్ముకుని మిగతావీ కిందికి దిగాయి. ఒక్కరే వాయించుకున్నంతకాలం ఈ సంగతి తెలీదు."

ట్యూనరు పెట్టి ఆరు తీగలూ పైకి లేపాడు. ఎఫ్ పట్టమన్నాడు. పట్టాను. సగం తీగలు మూగవి, సగం జీర. ఎఫ్ పోయింది. ఇన్నాళ్ళూ వచ్చిందనుకున్నది తీగలు వదులుగా ఉండబట్టి వచ్చిందట.

ఏప్రిల్ 2, బుధవారం

పనికి వెళ్ళలేదు.

పిల్ల ఒక్క నిమిషం అడిగింది. రెండుసార్లు అడిగింది. బాగున్నదాన్ని లాక్కుని పాడుచేశాను. పాడుచేసి, కలిసిందా లేదా అని అడిగాను. అది ఇంటికి వెళ్ళి ఆరు తీగలూ మళ్ళీ ఒక్కతే బిగించుకుని ఉంటుంది.

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎన్నాళ్ళని వాదించను" అనేది వాళ్ళమ్మ. నాలుగో కాలు ఉందంటే చూపించమనేవాణ్ణి. ఆవిడ చూపిస్తుంటే ఇటు తిరిగి కూర్చునేవాణ్ణి. ప్రశాంతత లేక ఇల్లు వదిలానని మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఆ ఇంట్లో గొంతు పెంచేది ఎవరు? నేనే.

సిగ్గుగా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, భయంగా కూడా ఉంది. అది ఇక రాదేమోనని.

ఏప్రిల్ 6, ఆదివారం

రాలేదు. మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడైనా తలుపు తీస్తున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

నేనే వెళ్ళాను. గిటార్ కూడా తీసుకెళ్ళాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే పక్కాయన పాడతారా అని అడిగాడు. లేదన్నాను.

తలుపు ఆవిడ తీసింది. నన్నూ గిటార్‌నీ మార్చి మార్చి చూసి, "రండి" అంది. నేను కొన్న కుర్చీలోనే చుట్టంలా కూర్చున్నాను. పిల్ల గదిలోంచి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కట్టుకుంటూ వచ్చాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీ గిటార్ బాగానే ఉంది. నాదే కింద ఉంది. నీది ముట్టుకోకుండా ఉండాల్సింది. తప్పు నాది" అన్నాను.

"ఎవరు చెప్పారు?" అంది.

"గురువు గారు."

"నేను చెబితే వినలేదు."

"వినలేదు."

లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది, లేచి వెళ్దామనుకున్నాను. తన గిటార్‌తో బయటికి వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది. "నీది మీటు" అంది. మీటాను. మొన్నే పైకి లేపిన తీగలు కదా, బస్సు కుదుపులకి జారినట్టున్నాయి. "లావుది మళ్ళీ దిగింది" అంది.

నా చెయ్యి కీ మీదికి వెళ్ళింది.

"ఆగు. ముందు నాది విను."

దాని లావు తీగ మీటింది. విన్నాను. ఇంకోసారి మీటమన్నాను, మీటింది. అప్పుడు తిప్పాను. సరిపోయిందనుకున్నాను.

వంటింట్లోంచి, "ఇంకా కాస్త పైకెళ్ళాలి" అని వినపడింది.

వంటింట్లో ఉన్నదానికి ఏం తెలుస్తుందని నోటిదాకా వచ్చింది. మింగాను. కాస్త తిప్పాను. రెండు తీగలూ ఒక్కటే అయిపోయాయి, ఏది ఎవరిదో తెలియలేదు.

"మీ అమ్మ చెప్పిందే కరెక్టు" అన్నాను. పైకే అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు కాసేపు ఆగింది.

మిగతా అయిదూ అలాగే కలిపాం. అది ఇస్తే నేను విని తిప్పడం. చాలాసేపు పట్టింది. పాట వాయించనేలేదు. పొద్దుపోయింది, లేచాను. ఆవిడ మళ్ళీ రమ్మననూ లేదు, వద్దననూ లేదు. పిల్ల కింద గేటు దాకా వచ్చింది.

"మేలో నీ దగ్గరికి రాలేను నాన్నా. ప్రాక్టీసు మా ఇంట్లోనే పెట్టుకున్నాం."

"తెలుసమ్మా."

"నువ్వు రా. వాళ్ళు రాకముందు ఒక గంట. ఎఫ్ వస్తుందా?"

"రాదు."

"సరే, నేర్పుతాను." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఒక్కటి. ఇంట్లో ట్యూన్ చేసుకుని రాకు. ఇక్కడికొచ్చి నాతో చేసుకో."

ఏప్రిల్ 24, గురువారం

ఎఫ్ రాలేదు.

మే 4, ఆదివారం

బస్సుకి టైమవుతోంది. సంచిలో పెట్టేముందు ఒకసారి మీటి చూశాను. రెండో తీగ దిగింది. బాగా తెలుస్తోంది. ఇటు కాస్త తిప్పితే సరిపోతుంది, ఎంత తిప్పాలో కూడా తెలుసు. చెయ్యి కీ దాకా వెళ్ళింది.

తీసేశాను. అలాగే పెట్టి జిప్పు వేశాను.